గ్రిప్ విప్పి చూడండి
విశాఖలో పాయింట్ టూటూ (.22) టార్గెట్ పిస్టల్‌కి, అంటే గురిపోటీల్లో వాడే పిస్టల్‌కి, కొత్తగా చెక్క గ్రిప్ (పిడి) వేయించుకున్నవాళ్లు దాన్ని అప్పుడప్పుడూ విప్పి చూడండి, ముఖ్యంగా వానాకాలంలో. సముద్రపు ఉప్పుగాలి, అరచేతి చెమట చెక్కలోకి ఇంకి లోపలి ఉక్కు భాగాలకి తుప్పు పట్టిస్తాయి. పైకి మాత్రం పిస్టల్ తళతళలాడుతూనే ఉంటుంది. ముందు మేగజీన్ (తూటాల పెట్టె) తీసి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లారా చూసుకోవాలి. తర్వాత గ్రిప్ విప్పి, ఉక్కు భాగాలని పొడిగుడ్డతో తుడిచి, గన్ ఆయిల్ పల్చగా రాయండి; ఎక్కువైతే చెక్క పీల్చేసుకుంటుంది. స్క్రూ మరీ బిగిస్తే చెక్క చీలుతుంది.

గ్రిప్ ఎక్కడ ఒత్తుకుంటోందో తెలియాలంటే చేతికి సుద్దపొడి రాసుకుని పట్టుకోండి. పొడి చిక్కగా అంటిన చోటే సాండ్ పేపర్ పట్టండి.

ట్రిగ్గర్ జోలికి మాత్రం సొంతంగా వెళ్లొద్దు. పోటీ నిబంధన ప్రకారం 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్‌కి ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి కావలసిన బలం, కనీసం 1000 గ్రాములు ఉండాలి.