నలుగురికి టికెట్లు తీసే ముందు ఒక్కరికి ఎంతో చూడండి

మన బరంపురం వాళ్లం హైదరాబాదుకో బెంగళూరుకో విమానంలో వెళ్లాలంటే భువనేశ్వరైనా, విశాఖైనా రైల్లో వెళ్లి ఎక్కొచ్చు కాబట్టి రెండు చోట్లా ధరలు ఎలాగూ చూస్తాం, కానీ ఇంటిల్లిపాదికీ కలిపి ఒకేసారి వెతకడం దగ్గరే డబ్బు పోతుంది.

విమానంలో సీట్లన్నీ ఒకే రకమైనా కంపెనీ వాటిని వేర్వేరు ధరల మెట్లుగా విడగొట్టి అమ్ముతుంది. కింది మెట్టులో రెండే సీట్లు మిగిలి ఉండి మీరు నలుగురికి అడిగితే, ఆ రెండూ తక్కువకి, మిగతావి ఎక్కువకి అని సాధారణంగా ఇవ్వదు, నలుగురికీ పై మెట్టు ధరే చూపిస్తుంది.

అందుకే ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి అలా పెంచుకుంటూ వెతకండి. ఒక్కొక్కరికి పడే ధర ఎక్కడ పెరిగితే అక్కడ విడగొట్టి రెండు బుకింగులు చేయండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: విమానం రద్దయితే రెండు బుకింగుల వాళ్లనూ వేర్వేరు విమానాల్లో వేసే ప్రమాదం ఉంది. పిల్లల్ని, అమ్మానాన్నల్ని చూసుకునే మనిషితో కలిపి ఒకే బుకింగులో పెట్టండి. ఆదా అయ్యేది వందో రెండొందలో అయితే విడగొట్టకండి, ఆ టెన్షన్ మనకెందుకు.