రిసెప్టర్ చచ్చిపోలేదు, పెప్టైడే దాని దాకా చేరలేదు

మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి తెచ్చే మొదటి ఫిర్యాదు ఒకటే: "మేడమ్, రిసెప్టర్ పనిచేయట్లేదు." చాలాసార్లు రిసెప్టర్, అంటే కణం మీద పెప్టైడ్‌ని పట్టుకునే ప్రోటీన్, నిక్షేపంగా ఉంటుంది. పెప్టైడే దారిలో ఎక్కడో పోయి ఉంటుంది. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో నేను మూడు నెలలు ఇలాగే పోగొట్టుకున్నాను. అందుకే సబ్‌స్టెన్స్-పి అనే పెప్టైడ్‌తో బైండింగ్ ప్రయోగం, అంటే అది రిసెప్టర్‌కి ఎంత అతుక్కుంటుందో కొలవడం, ఎలా మొదలుపెట్టాలో రాస్తున్నాను.

ఇది 11 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1931లో ఫాన్ ఆయిలర్, గాడమ్ గుర్రం మెదడు, పేగుల సారంలో దీని జాడ పట్టారు. నలభై ఏళ్ల దాకా నిర్మాణం మాత్రం తెలియలేదు. సుసాన్ లీమన్ పశువుల హైపోథాలమస్‌లో వేరే హార్మోను కోసం వెతుకుతుండగా, ఆ సారం ఎక్కించిన ఎలుకల నోట లాలాజలం ఊరింది. ఆవిడ దాన్ని పక్కన పెట్టేయలేదు. లాలాజలాన్నే కొలబద్దగా పెట్టుకుని శుద్ధి చేస్తూ పోతే దొరికింది ఈ పెప్టైడే. 1971లో అందులోని అమైనో ఆమ్లాల వరుస తెలిసింది. నాకు ఈ కథంటే ప్రాణం.

ఆ వరుసలో చివర మెథియోనిన్, దానికి అమైడ్ అనే చిన్న రసాయన గుంపు. కొనేటప్పుడు అమైడ్ ఉన్నదే అడగండి, అది లేని రూపం రిసెప్టర్‌కి సరిగా అతకదు. మెథియోనిన్ గాలికి ఆక్సీకరణ చెందుతుంది కనుక, ఫ్రీజర్‌లోంచి తీసిన సీసాను గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. లేకపోతే తేమ కూడా లోపలికి చేరుతుంది.

సీసా మీద 1 మిల్లీగ్రామ్ అని ఉన్నా అదంతా పెప్టైడ్ కాదు. ఉప్పు, నీరు కూడా ఆ బరువులోనే ఉంటాయి. కంపెనీ ఇచ్చే కాగితంలో పెప్టైడ్ శాతం చూడండి. 80 అని ఉంటే మీ చేతిలో ఉన్నది 0.8 మిల్లీగ్రామే. అణుభారం సుమారు 1348 కాబట్టి, 1 మిల్లీమోలార్ ద్రావణానికి 594 మైక్రోలీటర్లు పోయాలి, 742 కాదు. పలుచటి ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి, మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగిన ట్యూబుని మళ్లీ గడ్డకట్టించొద్దు.

నేను దెబ్బతిన్నది ఆ తర్వాతి మెట్టు దగ్గర. ఉత్త బఫరులో, గాజు ట్యూబుల్లో నానోమోలార్ దాకా పలుచన చేసేదాన్ని. ఈ పెప్టైడ్‌కి ధనావేశం ఎక్కువ, గాజుని ఇట్టే పట్టుకుంటుంది. పలుచనయ్యే కొద్దీ గోడకి పోయే వాటా పెరుగుతుంది. అందుకని బఫరులో 0.1 శాతం బీఎస్‌ఏ (పశువుల రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్, పెప్టైడ్‌కి బదులు ఇదే గోడకి అంటుకుంటుంది) కలపండి, పెప్టైడ్ అంటుకోని ప్లాస్టిక్ ట్యూబులే వాడండి, పలుచన చేసిన రోజే వాడేయండి. నమ్మకం కుదరకపోతే రేడియోధార్మిక అయోడిన్-125 తగిలించిన పెప్టైడ్ పోసి, మొత్తం తీసేసి, ఖాళీ ట్యూబుని రేడియోధార్మికత కొలిచే గామా కౌంటర్లో పెట్టండి. నా ట్యూబులో సగానికి పైగా కౌంట్లు అక్కడే కనబడ్డాయి.

అన్నట్టు, మామూలుగా అయోడిన్ అతికేది టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి, అది ఈ గొలుసులో లేదు. అయోడిన్ నేరుగా అతకదు, బోల్టన్-హంటర్ పద్ధతిలో తగిలించినదే తెప్పించుకోవాలి.

మిగతాది మామూలే. సబ్‌స్టెన్స్-పి అతికే ఎన్‌కే-1 రిసెప్టర్ ఉన్న కణాల పొరలు, వాటి మీద అయోడిన్ తగిలించిన పెప్టైడ్, దాన్ని ముక్కలు చేసే ఎంజైములను (ప్రోటియేజులను) ఆపడానికి బాసిట్రాసిన్, సమతుల్యం వచ్చేదాకా ఓపిక. సగం ట్యూబుల్లో అయోడిన్ తగిలించని మామూలు పెప్టైడ్ 1 మైక్రోమోలార్ అదనంగా వేయండి, రిసెప్టర్లన్నీ దానితోనే నిండిపోతాయి. అప్పటికీ మిగిలే కౌంట్లు రిసెప్టర్‌వి కావు, మొత్తంలోంచి తీసేయాలి. చివర్లో పొరలను వడకట్టే ఫిల్టరుని ముందే పాలీఇథిలీన్‌ఇమైన్ అనే ధనావేశమున్న పాలిమర్ ద్రావణంలో నానబెట్టకపోతే అదీ గాజులాగే పెప్టైడ్‌ని లాగేసుకుంటుంది. వేసిన కౌంట్లలో పది శాతం కంటే ఎక్కువ అతుక్కుంటే పొరల మోతాదు తగ్గించండి.

అయోడిన్-125 సుమారు 60 రోజులకి సగమవుతుంది. వ్యర్థాల డబ్బా మూత మీద ఆ రోజు తేదీ రాసి, సీసపు పెట్టెలో పెట్టాకే చేతి తొడుగులు తీయండి.