సైటు నిర్వహణ నేర్చుకుందాం – 4వ పాఠం: మనకు లింకు ఇచ్చిందెవరు?

పోయిన పాఠంలో సర్చ్ కన్సోల్‌లో, అంటే గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా ఉందో యజమానులకు చూపించే గూగుల్ ఉచిత టూల్‌లో, సైటు మనదేనని నిరూపించుకున్నాం. ఇంకా ఆ పని కానివాళ్లు ముందు అది పూర్తి చేయండి, ఇవాళ దానితో అవసరం పడుతుంది. వేరే సైట్ల నుంచి మన పేజీలకు వచ్చే లింకులే బ్యాక్‌లింకులు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు గూగుల్‌ను మొదలుపెట్టిందే వీటిని లెక్కగట్టే ఆలోచనతో. ఆ ప్రాజెక్టుకు మొదట్లో పెట్టుకున్న పేరు కూడా బ్యాక్‌రబ్.

వీటిని వెతకడానికి పాత వీడియోల్లో గూగుల్‌లో ఇంగ్లీషులో 'లింక్' అని కొట్టి, కోలన్ పెట్టి, డొమైన్ (సైటు చిరునామా) ఇవ్వమంటారు. దాన్ని గూగుల్ 2017లోనే పక్కన పెట్టేసింది. పనిచేసిన రోజుల్లో కూడా అది చూపించింది కొన్ని లింకులనే. దాన్ని వదిలేయండి.

బదులుగా ఇలా చేయండి. గూగుల్‌లో మీ డొమైన్ పేరును డబుల్ కోట్స్‌లో రాయండి. ఒక స్పేస్ ఇచ్చి మైనస్ గుర్తు పెట్టండి. దాన్ని ఆనుకునే ఇంగ్లీషులో 'సైట్' అని రాసి, కోలన్ పెట్టి, మళ్లీ మీ డొమైన్ ఇవ్వండి. మైనస్ తర్వాత గానీ, కోలన్ తర్వాత గానీ స్పేస్ పడకూడదు. "నా సైటు పేరు కనిపించే పేజీలన్నీ కావాలి, నా సొంత పేజీలు మాత్రం వద్దు" అని గూగుల్‌కు చెప్పడమన్నమాట. ఫేస్‌బుక్, యూట్యూబ్ ఫలితాలే ఎక్కువగా వస్తుంటే వాటినీ ఇలాగే మైనస్ చేయండి.

అయితే దీంతో దొరికేది ప్రస్తావన. అది లింకు కావచ్చు, కాకపోవచ్చు. ఎవరో "గుత్తివంకాయ కూర ఇక్కడ చూడండి" అని రాసి, 'ఇక్కడ' అన్న మాట వెనుక మీ లింకు పెట్టారనుకోండి. పేజీలో మీ డొమైన్ కనపడదు కాబట్టి ఈ వెతుకులాటకు అది చిక్కకపోవచ్చు. ఇంకొకరు మీ సైటు పేరు ఉత్త అక్షరాల్లో రాసి వదిలేస్తే అది మాత్రం ఫలితాల్లోకి వచ్చేస్తుంది.

అందుకే ప్రతి పేజీనీ తెరిచి, కంట్రోల్ యు నొక్కి సోర్స్ (పేజీ వెనుక ఉన్న కోడ్) చూడండి. అందులో కంట్రోల్ ఎఫ్ నొక్కి మీ డొమైన్ మాత్రమే వెతకండి. తెలుగు చిరునామాతో వెతికితే దొరకకపోవచ్చు. ఎందుకంటే 'వంకాయ' అన్న మాట సోర్స్‌లో చాలాసార్లు పర్సెంట్ గుర్తులతో 45 అక్షరాల వరుసగా మారిపోయి ఉంటుంది. గుణింతం, సున్నాలతో కలిపి అందులో 5 యూనికోడ్ గుర్తులున్నాయి, ఒక్కోదానికి 9 అక్షరాలు పడతాయి.

లింకు దొరికాక దాని పక్కన 'నోఫాలో' ఉందేమో చూడండి. ఈ లింకును మా సిఫారసుగా లెక్కించొద్దని సర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తు అది. ఇది 2005లో వచ్చింది. డబ్బు తీసుకుని పెట్టిన లింకులకు 'స్పాన్సర్డ్', కామెంట్ల లాంటి చోట్ల చదివేవాళ్లు పెట్టిన లింకులకు 'యూజీసీ' 2019లో తోడయ్యాయి. వికీపీడియా నుంచి బయటికి వెళ్లే లింకులన్నీ నోఫాలోలే. అయినా అక్కడి నుంచి చదవడానికి మనుషులు వస్తారు, నా లెక్కలో అది చిన్న లాభం కాదు.

ఇక సర్చ్ కన్సోల్. ఎడమవైపు 'లింక్స్' తెరిస్తే ఏ సైట్ల నుంచి లింకులు వస్తున్నాయో, ఏ పేజీకి ఎక్కువ ఉన్నాయో కనిపిస్తుంది. తెర మీద 1,000 వరుసల దాకానే ఉంటాయి. ఎక్స్‌పోర్ట్‌లో 'లేటెస్ట్ లింక్స్' తీసుకుంటే తేదీలు కూడా వస్తాయి. ఇది కూడా పూర్తి జాబితా కాదు. అందుకే సర్చ్ కన్సోల్ లాంటిదే అయిన బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో కూడా సైటు చేర్చి, రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. సొంత సైటుకైతే బ్యాక్‌లింకులను చూపించే ఏహెచ్‌రెఫ్స్ అనే సర్వీసులో కూడా ఉచిత ఖాతా దొరుకుతుంది.

జాబితాలో జూదం సైట్లు, అర్థంకాని పేర్లు కనిపిస్తే టెన్షన్ పడకండి. ఇలాంటివి అందరికీ వస్తాయి, గూగుల్ చాలావరకు వాటిని లెక్కలోకి తీసుకోదు. ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పడానికి 2012లో వచ్చిన డిసవో టూల్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దు. దాంతో మంచి లింకులను కూడా మన చేతులతో మనమే తీసేసుకునే ప్రమాదం ఉంది. గూగుల్ నుంచి మాన్యువల్ యాక్షన్ (నియమాలు తప్పారని గూగుల్ మనుషులే చూసి తీసుకునే చర్య) నోటీసు వస్తేనో, డబ్బిచ్చి కొన్న లింకుల వల్ల అది వచ్చేలా ఉంటేనో దాని సంగతి చూద్దాం.

వచ్చే పాఠంలోపు ఒక షీటులో నాలుగు గడులు గీయండి: లింకు ఇచ్చిన పేజీ, మన పేజీ, లింకు మీది మాటలు, నోఫాలో ఉందా లేదా. నింపేటప్పుడు మన పేజీని కూడా ఒకసారి తెరిచి చూడండి. 404 (పేజీ దొరకలేదు) అని వచ్చినవాటికి రంగు వేసి ఉంచండి, 5వ పాఠంలో వాటిని 301తో, అంటే శాశ్వత మళ్లింపుతో, సరైన పేజీకి మళ్లిద్దాం.