అరకు ఫొటోల్లో సోల్జర్ ఈగలను ఎలా తేల్చుకున్నానంటే

అరకు కొండల్లో తీసిన ఈగల ఫొటోలు చాలాకాలం పేరు లేకుండానే ఉండిపోయాయి. పచ్చగా లోహంలా మెరిసేవి కొన్ని, కందిరీగలా పసుపు చారలున్నవి కొన్ని. వీటిలో సోల్జర్ ఈగలేవో తేల్చడానికి రంగును నమ్మి లాభం లేదు, గాల్లో ఒకేచోట నిలిచి ఎగిరే హోవర్ ఈగలకూ అలాంటి చారలే ఉంటాయి.

దారి చూపింది విజయవాడలో మా డాబా మీద కంపోస్టు డ్రమ్ము. కూరగాయల తొక్కలకు నల్ల సోల్జర్ ఈగ, అంటే హెర్మీషియా ఇల్యూసెన్స్, తప్పకుండా వస్తుంది. దాన్ని మాక్రో లెన్స్‌తో తీసి, రెక్కను స్క్రీన్ నిండా పెద్దది చేసి చూశాను. ఈనెలు, అంటే రెక్కలోని సన్నటి నరాలు, ఎక్కువగా ముందంచు వైపు ఒత్తుగా చేరి ఉన్నాయి, మధ్యలో చిన్న గడి. స్ట్రాటియోమైడే, అంటే సోల్జర్ ఈగల కుటుంబానికి అసలు ఆనవాలు అదే! హోవర్ ఈగ రెక్కలో అయితే ఈనెల మధ్య ఒక దొంగ ఈనె, అంటే ఈనెలా కనిపించే గీత, కనిపిస్తుంది.

ఆ గడి కోసం అరకు ఫొటోలన్నీ మళ్లీ వెతికాను. వెలుతురు తగ్గించి, కాంట్రాస్ట్ పెంచితే చాలావాటిలో తేలింది. వీపు చివరి చిన్న పలక మీద ముళ్లు కూడా చూడాలి. కొన్ని రకాలకు రెండు, కొన్నింటికి నాలుగు. నల్ల సోల్జర్ ఈగకు అసలుండవు కాబట్టి, ముళ్లు లేవని పక్కన పెట్టేయకూడదు.

ఇప్పుడు కొండెక్కితే పైనుంచి ఒకటి, మీసాలు కనిపించేలా పక్కనుంచి ఒకటి, రెక్క మీద ఏటవాలు వెలుతురుతో ఒకటి తీస్తున్నాను. మెరిసే పచ్చవాటికి ఎక్స్‌పోజర్ కాస్త తగ్గిస్తే ముళ్లు స్పష్టంగా వస్తున్నాయి.