మిల్టన్ లాటిన్ ఉత్తరాలు: లాటిన్ రాకున్నా ఎట్ల చదవాలె

మా నల్లగొండల ఎంఏ ఇంగ్లీష్ చేసేటోళ్లకు పదిహేడో శతాబ్దపు ఇంగ్లీష్ కవి జాన్ మిల్టన్ అంటే ఆయన పెద్ద కావ్యం ప్యారడైజ్ లాస్ట్, గంతే, నోట్స్ బట్టీ కొట్టుడు పరీక్ష రాసుడు. ఆయన దోస్తులకు లాటిన్‌ల రాసిన సొంత ఉత్తరాలు 31 అచ్చయి ఉన్నయని శానమందికి తెల్వదు. ఆయన సచ్చిపోయిన 1674లనే పుస్తకం వచ్చింది. కొలువుల ఉన్నప్పుడు రాసిన సర్కారీ ఉత్తరాలు గూడ కలిపి వేద్దామనుకున్నరు గని పర్మిషన్ రాలె, పేజీలు తక్కువ పడుతున్నయని కాలేజీల ఇచ్చిన ఉపన్యాసాలు జోడిచ్చిన్రు. వెనక అవి కనవడితే పరేషాన్ కావొద్దు.

మొదటి ఉత్తరం నుంచి షురూ చెయ్యకున్రి. అవి మిల్టన్ పోరగాడుగ ఉన్నప్పుడు సార్లను పొగుడుకుంట రాసినయ్, నేను అట్లనే మొదలువెట్టి రెండుసార్లు ఇడిసిపెట్టిన. ముందు 1654 సెప్టెంబర్ 28ది తియ్యున్రి, ఏథెన్స్‌ల పుట్టిన ఫిలారాస్‌కు రాసింది. అప్పటికే మిల్టన్‌కు రెండు కండ్లు పోయినయ్. ప్యారిస్‌ల ఒక డాక్టర్‌ను అడుగుత, నీ రోగం ఎట్ల మొదలైందో రాయమని ఆ దోస్తు అంటే ఈయన ఉన్నదున్నట్టు రాసిండు: పదేండ్ల సంది చూపు మందగిచ్చుడు, పొద్దుగాల పుస్తకం పట్టంగనే కండ్లు నొచ్చుడు, దీపం చుట్టు సింగిడి లెక్క రంగులు, ముందుగాల ఎడమ కన్ను పోవుడు. కవిత్వం గివిత్వం లేదు, దవాఖానల డాక్టర్‌కు చెప్పుకున్నట్టుంటది, అందుకే గుండెల గుచ్చుకుంటది.

ఆ తర్వాత 1666 ఆగస్టుల పీటర్ హైంబాక్ అనే దోస్తుకు రాసింది. ప్లేగుల నువ్వు పోయినవని ఇన్న అని ఆయన రాస్తే, బతికే ఉన్న అని జవాబు. ఆఖరుకు ఏమంటడంటే, తప్పులుంటే రాసిన పోరన్ని అనున్రి, వానికి లాటిన్ రాదు, ఒక్కో అక్షరం నేనే చెప్పాల్సి వచ్చింది అని. ఇది చదివినప్పుడు నాకు మా ఊరే యాదికొచ్చింది, బొంబాయి బతకవోయిన కొడుకులకు ముసలోళ్లు చెప్తుంటె ఇన్లాండ్ కవర్ మీద రాసిచ్చిన పోరన్ని నేనే, నా తప్పులు ఎవరి మీద ఏసిన్రో మరి.

లాటిన్ పేజీ చూసి బెదరకున్రి. పైన ‘కారోలో డియోడాటో’ అని ఉంటె ఆ చివరి ‘ఓ’ మన ‘కు’ అన్నట్టు, మిల్టన్ చిన్ననాటి దోస్తు చార్లెస్ డియోడాటికి అని. కింద ‘లోండినో’ అంటే లండన్ నుంచి. క్రియ గూడ శానసార్లు మన లెక్కనే చివరికొస్తది, ఇంగ్లీషోళ్ల కంటే మనకే అలవాటు. పక్కకు డేవిడ్ మాసన్ రాసిన మిల్టన్ జీవితచరిత్ర పెట్టుకోన్రి, అండ్ల ఇంగ్లీష్ అనువాదాలున్నయ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) సైట్‌ల ఫ్రీగ దొరుకుతది.

తారీఖులతోని జర పైలం. అప్పుడు ఇంగ్లాండ్‌ల కొత్త ఏడాది మార్చి 25కు మొదలయ్యేది, అందుకే జనవరి నుంచి ఆ తారీఖు దాక రాసినయ్ మన లెక్కకు ఒక ఏడాది ముందుకు జరపాలె. అచ్చులనే తప్పులు గూడ ఉన్నయ్, థామస్ యంగ్ సార్‌కు రాసిన మొదటిదాని మీద 1625 అని ఉంటే అది 1627ది అంటరు స్కాలర్లు.

డియోడాటివి రెండే, వాటిని ఆఖరుకు పెట్టుకోన్రి. 1637 సెప్టెంబర్ 23 నాటిదాంట్ల, వైద్యం చదివినవని నాకు అన్నిసార్లు ఆరోగ్యం కోరుతున్నవా అని ఎక్కిరిస్తడు, ఎంబడే, నాకు రెక్కలు మొలుస్తున్నయ్ ఎగరాలని చూస్తున్న అని గుట్టు ఇప్పుతడు. మల్ల ఏడాది తిరగకముందే, మిల్టన్ ఇటలీల తిరుగుతుంటె, అక్కడ లండన్‌ల డియోడాటి సచ్చిపోయిండు.