రోడ్డు పక్క వయ్యారిభామను వేరుతో సహా తీయడం ఎలా?

విశాఖలో తొలకరి పడి నెల తిరిగేసరికి ఎండాడ, మధురవాడ, పెందుర్తి వైపు రోడ్ల పక్కన సన్నటి తెల్లపూలు గుంపులుగా కనిపిస్తాయి. అదే వయ్యారిభామ. పార్థీనియం అన్నా, కాంగ్రెస్ గడ్డి అన్నా, క్యారెట్ గడ్డి అన్నా ఇదే. పశువులు దీని జోలికి పెద్దగా పోవు. ఆవులు తిరిగే వీధిలో మంచి గడ్డంతా మేతకు పోయి చివరికి ఇదొక్కటే మిగులుతుంది. ఇళ్లు కట్టేచోటికి తోలే గ్రావెల్‌తో, లారీ టైర్లకు అంటిన బురదతో గింజలు కొత్త లేఅవుట్లకు చేరతాయి.

మా వీధిలో ఏటా దీన్ని మిషన్‌తో కోయిస్తారు. మూడు వారాల్లో మోడు నుంచి నాలుగు కొమ్మలు వేసి, నేలకు జానెడు ఎత్తులోనే మళ్లీ పూస్తుంది. పైగా పూత మీద ఉన్నప్పుడు కోస్తే పుప్పొడి వీధంతా లేస్తుంది, గింజలు మిషన్‌తో పాటు పక్క వీధికి వెళ్తాయి. అందుకే కోయకండి, పీకండి.

కావాల్సినవి: మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల పాత చొక్కా, బూట్లు, మాస్కు, బొరిగె, ఖాళీ సిమెంటు సంచులు, పెద్ద ప్లాస్టిక్ కవర్లు. గునపం, పార వద్దు. నేల ఎంత తిరగబడితే లోపలున్న గింజలు అంతగా పైకొచ్చి మొలుస్తాయి.

వెళ్లే రోజు: గట్టి వాన పడిన మర్నాడు, ఉదయం ఆరు గంటలకు. ఎర్రమట్టి ఎండితే రాయిలా బిగుస్తుంది, కాండం తెగి వేరు లోపలే ఉండిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, చర్మం దద్దుర్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లు ఈ పనికి రావద్దు.

ఇక అసలు పని. ముందు మొక్క ఏ దశలో ఉందో చూడండి. లేత మొక్క ఆకులు క్యారెట్ ఆకుల్లా చీలికలతో, నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటాయి. తీయాల్సింది అప్పుడే. మొలిచిన నెల, నెలన్నరకే పూత వస్తుంది కాబట్టి మీకున్న గడువు అంతే. ఆకులు పట్టుకుని లాగితే ఆకులే చేతికొస్తాయి. బొరిగెను పక్కనుంచి ఏటవాలుగా దించి, వేరు చుట్టూ మట్టిని కాస్త వదులు చేయండి. కాండం మొదలును, ఆకులు పుట్టే బుడిపె కింద పట్టుకుని, నిటారుగా, నెమ్మదిగా లాగండి. తాడు లాగినట్టు గుంజితే బుడిపె దగ్గరే తెగుతుంది. తెగితే అక్కడే ఆగి మిగిలిన వేరును తవ్వి తీయండి. బుడిపె నేలలో ఉంటే అది చిగురిస్తుంది. పది మొక్కలు సగం సగం పీకేకంటే మూడు పూర్తిగా తీయడమే మేలు.

పూత వచ్చిన మొక్క దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒక్కో పువ్వు నుంచి ఐదు గింజలు. చూడ్డానికి తక్కువే, కానీ బాగా ఎదిగిన మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, అవి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే పీకాక సంచిలో వేయడం కాదు, పీకకముందే తలకు కవరు తొడగాలి. పైనుంచి మెల్లగా దించి, మెడ దగ్గర కట్టి, ఆ తర్వాతే వేరు కదపాలి. మొక్కను దులపకండి, భుజాన వేసుకోకండి. ఒకసారి నేను తొందరపడి గ్లౌజులు లేకుండా పూతమొక్కలు మోపు కట్టి ఎత్తుకున్నాను. ముంజేతుల నుంచి మెడ దాకా దద్దుర్లు లేచి మూడు వారాలు నిద్ర లేదు. అప్పట్నుంచి మా గుంపులో గ్లౌజులు లేనివాళ్లను పనిలోకి దిగనివ్వను.

ఉప్పునీళ్లు కొట్టమని చాలామంది సలహా ఇస్తారు. లీటరుకు 200 గ్రాముల ఉప్పు కలిపి కొడితే మొక్క మాడే మాట నిజమే. కానీ ఆ నేలలో తర్వాత ఏ మంచి మొక్కా సరిగా రాదు, బోసినేల దొరికితే వయ్యారిభామకే లాభం. కలుపు మందు నాకు అసలు ఇష్టం లేదు. రోడ్డు పక్క కొట్టిన మందు వానకు గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి పోతుంది. పెందుర్తి వైపు నీళ్లు చేరే మేఘాద్రి గెడ్డ రిజర్వాయర్ నుంచే నగరానికి తాగునీరు వస్తోంది. తెల్లటి రెక్కల మీద గోధుమరంగు చారలున్న చిన్న పెంకుపురుగు ఆకులు తింటూ కనిపిస్తే మాత్రం చంపకండి. దాన్ని మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో ఈ కలుపు మీదే వదిలారు. అది పని చేస్తున్న చోట దాని పని దాన్ని చేయనివ్వండి, మీరు పక్క మొక్కలు చూసుకోండి.

పూతకు ముందు తీసినవి గోతిలో వేసి కుళ్లబెడితే మంచి ఎరువు. పూసినవాటిని కవరుతోనే సంచిలో కుక్కి, మూతి బిగించి, రెండు వారాలు ఎండలో ఉంచి, ఆ తర్వాత రెండడుగుల లోతున పూడ్చండి. తగలబెట్టొద్దు, ఆ పొగ పీల్చడం మంచిది కాదు.

పదిహేను రోజులకోసారి అదే చోటికి వెళ్లండి, కొత్త మొలకలు ఉంటాయి. అక్టోబరు తుపాను వానలకు ఇంకో విడత వస్తుంది, ఆ నెల తప్పనిసరి. ఖాళీ అయిన నేలను అలా వదిలేయకుండా తగిరిస గింజలు చల్లండి. కొందరు దీన్నే తంటెం అంటారు. దట్టంగా పెరిగి వయ్యారిభామను మొలవనివ్వదు. నవంబరులో కాయలు ఎండగానే గింజలు సేకరించి డబ్బాలో పోసి, మే నెలాఖరుకు, వానలకు ముందే చల్లేయండి.