మంచినీళ్ల చెరువులో ఈ.కోలిని మెంబ్రేన్ ఫిల్టర్‌తో లెక్కపెట్టడం ఎలా?

కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో కాలువ నీటిని మంచినీళ్ల చెరువులోకి వదిలి, అక్కణ్నుంచి ఫిల్టర్ బెడ్ల మీదుగా కుళాయిలకు ఇస్తారు. ఆ చెరువులో మురుగు కలిసిందో లేదో తేల్చడానికి ల్యాబ్‌లో ముందు వెతికేది టైఫాయిడ్ క్రిమినో కలరా క్రిమినో కాదు, ఈ.కోలి అనే బ్యాక్టీరియాను. రోగాలు తెచ్చే క్రిములు నీటిలో ఎప్పుడో ఒకప్పుడు, అదీ కొద్దిగా ఉంటాయి. ఈ.కోలి మాత్రం మనుషుల, పశువుల మలంలో ఎప్పుడూ పెద్ద సంఖ్యలో ఉంటుంది. అది దొరికితే మలం కలిసినట్టే. దాన్ని లెక్కపెట్టడానికి నీటిని సన్నని రంధ్రాల పొర (మెంబ్రేన్ ఫిల్టర్) గుండా వడకట్టి, పొర మీద మిగిలిన క్రిముల్ని పోషకాలున్న ప్లేటు మీద పెంచుతారు. ఒక్కో క్రిమి కంటికి కనిపించే చుక్కగా, అంటే కాలనీగా పెరుగుతుంది.

నమూనా పట్టడం

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేసిన (ఒత్తిడిలో ఆవిరితో క్రిముల్ని చంపిన) 250 మి.లీ. సీసా తీసుకోండి. మూతను చివరి క్షణంలోనే తీయాలి. సీసా మూతిని కిందికి పెట్టి నీటిలో ఒక అడుగు లోతుకు దించి, అక్కడ పైకి తిప్పి నింపాలి. పైన తేలే నురుగు, అడుగున లేచే బురద రెండూ లెక్కను చెడగొడతాయి. ఊపడానికి వీలుగా అంగుళం ఖాళీ వదలండి. క్లోరిన్ కలిపిన నీరైతే సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే దారి పొడవునా క్లోరిన్ క్రిముల్ని చంపుతూనే ఉంటుంది, రిపోర్టులో నీరు ఉన్నదానికన్నా శుభ్రంగా కనిపిస్తుంది.

సీసాను ఐస్ బాక్సులో 10 డిగ్రీల లోపు ఉంచి, 6 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. గడ్డకట్టనివ్వకూడదు.

ఎంత నీరు వడకట్టాలి?

చెరువు నీటికి 10, 1, 0.1 మి.లీ. చొప్పున మూడు ప్లేట్లు పెట్టుకుంటే ఏదో ఒకటి లెక్కకు అందుతుంది. సీసాను 25 సార్లు గట్టిగా ఊపాక, 1 మి.లీ. తీసి 9 మి.లీ. స్టెరైల్ బఫర్‌లో (క్రిములు లేని, ఆమ్లత మారని ద్రావణంలో) కలపండి. అందులోంచి 1 మి.లీ. తీసుకుంటే అసలు నీరు 0.1 మి.లీ. అవుతుంది. ఆ కాస్తను ఫిల్టర్ మీద నేరుగా వేస్తే కాలనీలన్నీ ఒక మూలకు గుంపుకడతాయి. అందుకే ముందు ఫన్నెల్‌లో 20 మి.లీ. దాకా బఫర్ పోసి, అందులో నమూనా కలపాలి.

వడకట్టడం

0.45 మైక్రాన్ల రంధ్రాలు, 47 మి.మీ. వ్యాసం ఉన్న గళ్ల ఫిల్టర్ వాడండి. స్పిరిట్‌లో ముంచి మంటలో కాల్చిన ఫోర్సెప్స్‌తో అంచు పట్టుకుని, గళ్లు పైకి ఉండేలా పరచాలి. తక్కువ నీటితో మొదలుపెట్టి ఎక్కువకు వెళ్లండి, ముందు ప్లేటు క్రిములు తర్వాతి దాంట్లోకి చేరే ప్రమాదం తగ్గుతుంది. వాక్యూమ్‌తో నీరు దిగాక ఫన్నెల్ గోడల్ని 20–30 మి.లీ. బఫర్‌తో రెండు మూడుసార్లు కడగాలి.

తర్వాత ఫిల్టర్‌ను మాడిఫైడ్ ఎంటెక్ అగార్ (ఈ.కోలి కాలనీలకు రంగునిచ్చే గట్టి పోషక పొర) మీద ఒక అంచు నుంచి మెల్లగా దొర్లించినట్టు పరచండి. కింద గాలి బుడగ చిక్కితే ఆ చోట ఆహారం అందక కాలనీలు రావు. బుడగ కనిపిస్తే ఫిల్టర్ ఎత్తి మళ్లీ పరచాలి.

వేడి

ప్లేట్లను బోర్లించి 35 డిగ్రీల దగ్గర 2 గంటలు, తర్వాత 44.5 డిగ్రీల దగ్గర 22 గంటలు ఉంచాలి. ఎండకో క్లోరిన్‌కో దెబ్బతిన్న కణాలు మొదటి 2 గంటల్లో కోలుకుంటాయి. తొందరపడి ఆ దశ వదిలేస్తే అవి లెక్కలోకి రావు. రెండో దశలో 0.2 డిగ్రీకి మించి తేడా రాకూడదు. తగ్గితే మట్టి, ఆకుల మీద బతికే ఇతర కోలిఫారాలు (ఈ.కోలికి దగ్గరి బ్యాక్టీరియా) పెరుగుతాయి, పెరిగితే ఈ.కోలియే నలుగుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ చల్లబడే మామూలు ఇంక్యుబేటర్ దీనికి పనికిరాదు. ప్లేట్లను నీరు చొరని సంచిలో పెట్టి వాటర్ బాత్‌లో ముంచడమే మేలు.

లెక్క

ఎరుపు లేదా మెజెంటా కాలనీలు ఈ.కోలివి. 20 నుంచి 80 కాలనీలు ఉన్న ప్లేటునే నమ్మండి. ఉదాహరణకు 10 మి.లీ. ప్లేటు కిక్కిరిసిపోయి, 1 మి.లీ. ప్లేటులో 42, 0.1 మి.లీ. ప్లేటులో 5 వచ్చాయనుకోండి. 42ను వడకట్టిన 1 మి.లీ.తో భాగించి 100తో గుణిస్తే, 100 మి.లీ.కి 4,200. చివరి ప్లేటులో 5 బదులు 25 వస్తే ఎక్కడో తేడా జరిగినట్టే: సీసా సరిగా ఊపలేదు, లేదా పిపెట్ తప్పింది. అలాంటి ఫలితాన్ని రిపోర్టు చేయకండి, కొత్త నమూనా తెప్పించండి.

మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఉత్త బఫర్‌ను వడకట్టి బ్లాంక్ ప్లేట్లు పెట్టాలి. వాటిలో ఒక్క కాలనీ వచ్చినా ఆ రోజు లెక్కలు చెల్లవు. తెలిసిన ఈ.కోలి ప్లేటు కూడా పక్కన ఉండాలి. అది పెరగకపోతే మిగతా ప్లేట్లలో సున్నా వచ్చినా దానికి అర్థం లేదు.

తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మి.లీ.లో ఈ.కోలి అసలు కనిపించకూడదు. అది కుళాయి నీటికి వర్తించేది. శుద్ధి చేయని చెరువు నీటిలో కొన్ని కాలనీలు రావడం మామూలే, హఠాత్తుగా పదింతలు పెరిగితేనే గట్టు చుట్టూ తిరిగి మురుగు ఎక్కణ్నుంచి దిగుతుందో చూడాలి.

వరద రోజుల్లో బురద నీటికి ఫిల్టర్ వెంటనే మూసుకుపోతుంది. అప్పుడు గొట్టాల్లో చేసే ఎంపీఎన్ పరీక్షే (ఎన్ని గొట్టాల్లో క్రిములు పెరిగాయో చూసి సంఖ్యను అంచనా వేసేది) దారి. ఇంకో పరిమితీ ఉంది. రక్త విరేచనాలు తెచ్చే ఈ.కోలి ఓ157:హెచ్7 రకం 44.5 డిగ్రీల దగ్గర సరిగా పెరగదు, రంగునిచ్చే ఎంజైమూ చూపదు, కనుక ఈ ప్లేటు మీద దొరకదు. ఊళ్లో అలాంటి విరేచనాలు వస్తుంటే దాన్ని విడిగా వెతకమని ల్యాబ్‌కు చెప్పాలి.

పని అయ్యాక ప్లేట్లన్నీ 121 డిగ్రీల దగ్గర కనీసం అరగంట ఆటోక్లేవ్ చేశాకే పారేయాలి.